ఎఫ్రాయిము తిరిగొస్తాడా?

లింగాల, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు పల్లెల్లో అంత్యకాలం ముచ్చట కొత్తదేమీ కాదు. కందిమల్లాయపల్లెలో బ్రహ్మంగారి మఠం ఉన్న జిల్లా ఇది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 1693లో సజీవ సమాధి పొందారని నమ్మే జనం, ఏ వింత జరిగినా బ్రహ్మంగారు ముందే చెప్పారంటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆయన కాలజ్ఞానంలో దాని సంగతి ఉందని ఫోన్లలో ఎంతగా తిరిగిందో అందరికీ గుర్తే. వీరభోగ వసంతరాయలు వచ్చి ధర్మం నిలబెడతాడన్న మాట రచ్చబండ దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ పక్క వీధిలోనే చర్చి ఉంటుంది. వేసవిలో సువార్త సభలు పెడతారు. మైకులో ప్రసంగీకుడు దానియేలు గ్రంథం తెరుస్తాడు, యెహెజ్కేలు చెప్పిన గోగు మాగోగుల దగ్గరికి వస్తాడు, ప్రకటన గ్రంథంలోని ఏడు ముద్రలతో ముగిస్తాడు. ఇశ్రాయేలులో యుద్ధం జరుగుతుంటే ఆ రాత్రి సభకు జనం ఎక్కువ. రెండవ రాకడ దగ్గర పడిందని ఏడ్చి ప్రార్థించేవాళ్లూ ఉంటారు.

దానియేలు, యెహెజ్కేలు, యెషయా, జెకర్యా ముందుగా యూదుల పుస్తకాలు. వాటిని హీబ్రూ, అరామిక్ మూలాల్లో రెండు వేల ఏళ్లకు పైగా చదువుతూ, వాదించుకుంటూ, వాటి కోసం ప్రాణాలు కూడా పోగొట్టుకున్న జనం ఆ ప్రవచనాలకు ఏ అర్థం చెప్పుకుంటారో మన సభల్లో వినపడేది తక్కువ. అది వినడానికి యెరూషలేము దాకా పోనక్కర్లేదు. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడ తెలుగు మాట్లాడే యూదులున్నారు. బెనె ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిము సంతానం అని తమను తాము చెప్పుకుంటారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. ఊళ్లో వాళ్లకొక సమాజమందిరం ఉంది. అంత్యదినాల ప్రవచనం అంటే వాళ్లకు మొదట గుర్తొచ్చేది యెహెజ్కేలు 37వ అధ్యాయం. అందులో ప్రవక్త రెండు కర్రతునకలు తీసుకుంటాడు. ఒకదాని మీద యూదా పేరు, రెండోదాని మీద యోసేపు కొడుకైన ఎఫ్రాయిము పేరు రాస్తాడు. రెండూ చేతిలో పట్టుకుంటే ఒకే కర్ర అవుతాయి. ఆ రెండో కర్ర తామేనని కొత్తరెడ్డిపాలెం వాళ్ల నమ్మకం.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలి. సొలొమోను తర్వాత ఇశ్రాయేలు రాజ్యం రెండుగా చీలింది. దక్షిణాన యూదా, ఉత్తరాన పది గోత్రాల ఇశ్రాయేలు. ఉత్తర రాజ్యంలో పెద్ద గోత్రం ఎఫ్రాయిము. క్రీస్తుకు పూర్వం 722 ప్రాంతంలో అష్షూరు సేనలు దాని రాజధాని షోమ్రోనును పట్టుకుని జనాన్ని చెరపట్టి తీసుకుపోయాయి. యూదా వాళ్లు తర్వాత బబులోను చెరకు పోయినా తిరిగి వచ్చారు. ఆ పది గోత్రాలు మాత్రం తిరిగి వచ్చిన దాఖలా లేదు. ఎక్కడున్నారో తెలియదు గానీ, ప్రవక్తలు మాత్రం వాళ్లను మరచిపోలేదు. యిర్మీయా ఎఫ్రాయిము కోసం దేవుడి కడుపు తీపిని చెప్పాడు. చెదిరినవాళ్లను భూమి నాలుగు దిక్కుల నుంచి దేవుడు రెండోసారి సమకూర్చుతాడని యెషయా 11వ అధ్యాయం చెబుతుంది.

యూదుల దృష్టిలో అంత్యదినాల అసలు విషయం ఇదే. ప్రకటన గ్రంథం వాళ్ల బైబిలులో లేదు. సంఘం ఎత్తబడటం, మృగం ముద్ర, ఏడేళ్ల శ్రమలు అన్న వరస వాళ్లకు తెలియదు. దానియేలు ఉన్నాడు, కానీ ప్రవక్తల గ్రంథాల వరసలో లేడు, కీర్తనలు, సామెతలు ఉన్న మూడో భాగంలో ఉన్నాడు. దానియేలు 9వ అధ్యాయంలోని డెబ్బై వారాలు క్రీస్తు శకం 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కాల్చడంతో తీరిపోయాయని 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ చెప్పాడు. ఇక రాబోయేది ఏమిటంటే చెదిరినవాళ్లు ఇంటికి చేరడం, దావీదు వంశం నుంచి ఒక రాజు రావడం, దేవాలయం మళ్లీ లేవడం, కత్తులు సాగగొట్టి నాగటి కర్రులు చేసుకునేంతగా యుద్ధాలు మానడం. ఆ రాజే మెస్సీయ. ఆయన మనిషే, తల్లికీ తండ్రికీ పుట్టినవాడే.

మరి ఆ పది గోత్రాలు వస్తాయా? ఈ ప్రశ్న మీద యూదు పండితుల మధ్య పెద్ద తగాదా నడిచింది. క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మ సంకలనం మిష్నాలో అది ఉంది. ద్వితీయోపదేశకాండంలో ఒక మాటుంది, దేవుడు వాళ్లను వేరే దేశంలోకి విసిరేశాడు, నేడున్నట్టుగా అని. యూదు మత గురువు రబ్బీ అకీవా ఆ మాట పట్టుకుని, గడిచిన రోజు ఎలా తిరిగి రాదో పది గోత్రాలూ అలాగే తిరిగి రావన్నాడు. రబ్బీ ఎలియెజెరు అదే మాట పట్టుకుని, రోజు చీకటి పడి మళ్లీ ఎలా తెల్లవారుతుందో వాళ్ల చీకటి కూడా అలాగే తెల్లవారుతుందన్నాడు. ఒకే వాక్యం, రెండు తీర్పులు. తర్వాతి తరం పండితుడు రబ్బీ యోహానాను అకీవాను తప్పుపట్టాడని మిష్నా మీది చర్చల గ్రంథం తల్మూదులో ఉంది. అకీవా తన సహజమైన దయను ఇక్కడ వదిలేశాడన్నది ఆయన ఫిర్యాదు. ప్రవచనానికి అర్థం చెప్పేవాడి విద్యను కాకుండా గుండెను ప్రశ్నించిన ఆ మాట ఈ మొత్తం చర్చలో ఎంతో విలువైనది. కడపటి రోజులు ఎప్పుడొస్తాయన్న లెక్క కంటే, ఆ రోజుల్లో ఎవరికి చోటుంటుంది అన్నదే వాళ్ల ముందున్న అసలు ప్రశ్నని అది తేల్చి చెబుతుంది.

లెక్కలు కట్టకూడదన్న పట్టుదల ఊరికే రాలేదు. ఇదే అకీవా, క్రీస్తు శకం 132లో రోము మీద తిరగబడ్డ సిమోను బార్ కోఖ్బాను మెస్సీయగా ఎంచాడు. ఆయన తోటి పండితుడొకడు, నీ దవడల మీద గడ్డి మొలిచినా మెస్సీయ రాడని అప్పుడే హెచ్చరించాడు. మూడేళ్ల తర్వాత బేతారు కోట పడిపోయింది. రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో లెక్కలో ఆ యుద్ధంలో 50 కోటలు, 985 ఊళ్లు నేలమట్టమయ్యాయి. 5,80,000 మంది చచ్చారు. రోగాల వల్ల, ఆకలి వల్ల పోయినవాళ్లు ఆ లెక్కలో చేరలేదు. అంకెల్లో అతిశయం ఉన్నా, యూదయ దేశం ఖాళీ అయిందన్నది నిజం. ఆ బూడిదలోంచి వచ్చిన తరాలే, అంత్యకాలాన్ని గుణించేవాళ్ల ఎముకలు కుళ్లిపోవాలన్నంత ఘాటుగా శపించాయి. చెప్పిన గడువు దాటిపోతే జనం ఇక మెస్సీయ రానే రాడనుకుంటారు, విశ్వాసం చచ్చిపోతుంది అని దానికి చెప్పిన కారణం.

తల్మూదులోనే లోకం ఆరు వేల ఏళ్లు ఉంటుందన్న మాటా ఉంది. యూదుల పంచాంగంలో 2025 సెప్టెంబరులో 5786వ సంవత్సరం మొదలైంది. ఆరు వేలు నిండేది మన లెక్కలో 2240లో. అంతలోపల ఎప్పుడైనా రావచ్చు, ఏ ఏడాదని చెప్పరాదు. అదే పేజీల్లో ఇంకో కథుంది. రబ్బీ యెహోషువ బెన్ లేవీ, మెస్సీయ ఎప్పుడొస్తాడని ఏలీయా ప్రవక్తను అడుగుతాడు. పోయి ఆయన్నే అడగమంటాడు ఏలీయా. ఎక్కడుంటాడు? రోము నగర ద్వారం దగ్గర, రోగులైన బిచ్చగాళ్ల మధ్య కూర్చుని ఉంటాడు. గుర్తు పట్టేదెలా? మిగతావాళ్లందరూ తమ పుండ్ల కట్లు ఒక్కసారిగా అన్నీ విప్పి, మళ్లీ అన్నీ కట్టుకుంటారు. ఆయన మాత్రం ఒకటి విప్పి, కట్టి, ఆ తర్వాతే ఇంకొకటి విప్పుతాడు. పిలుపు వస్తే ఆలస్యం కాకూడదని. రారాజుగా రావాల్సినవాడు శత్రు రాజధాని వాకిట్లో కట్టు కట్టుకుంటూ కూర్చున్నాడని చెప్పుకున్న జనం వాళ్లు.

ఆ పండితుల్లో సేద్యం తెలిసినవాళ్లూ ఉన్నారు. యోహానాను బెన్ జక్కయి యెరూషలేము కాలిపోవడం కళ్లారా చూసిన మనిషి. చేతిలో మొక్క ఉండగా మెస్సీయ వచ్చాడని ఎవరైనా చెబితే, ముందు మొక్క నాటి ఆ తర్వాత ఆయనకు ఎదురుపోండి అని ఆయన చెప్పాడంటారు. లింగాల వైపు చీనీ మొక్క పెట్టి కాపు కోసం ఏళ్ల తరబడి కాచుకునే రైతుకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

12వ శతాబ్దంలో మోషె బెన్ మైమోను, యూదులు రంబం అని పిలుచుకునే వైద్యుడు, న్యాయవేత్త, ఈ విషయానికి ఒక గట్టు కట్టాడు. 1138లో స్పెయిన్‌లోని కొర్దోబాలో పుట్టి 1204లో ఈజిప్టులో చనిపోయాడు. ఆయన రాసిన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నే తోరా చివరి అధ్యాయాలు మెస్సీయ గురించే. మెస్సీయ మహిమలు చూపించక్కర్లేదు, చచ్చినవాళ్లను లేపక్కర్లేదు అంటాడు. తోడేలు గొర్రెపిల్లతో కలిసి ఉండటమంటే బలమైన జనాలు బలహీనుల జోలికి పోకుండా బతకడమని అర్థం చెప్పాడు. లోకం నడత మారదు, పరాయి రాజుల కింద పడి ఉండటం మాత్రం పోతుంది. గోగు మాగోగుల యుద్ధం, ఏలీయా రాక, ఇవన్నీ జరిగేదాకా ఎలా జరుగుతాయో ఎవరికీ తెలియదు. ప్రవక్తల మాటలు మరుగుగా ఉన్నాయి, వాటి మీద పొద్దు పుచ్చకండి అని శాసనం చేసినట్టే రాశాడు. యెమెను యూదులు ఒక అబద్ధపు మెస్సీయ వెంట పడి దెబ్బ తింటున్నప్పుడు 1172 ప్రాంతంలో ఆయన వాళ్లకు రాసిన లేఖలో కూడా ఇదే హెచ్చరిక ఉంది.

హెచ్చరిక ఎప్పుడూ పనిచేయలేదు. 1665లో స్మిర్నాకు చెందిన సబ్బతై జ్వీ తానే మెస్సీయనన్నాడు. గాజాకు చెందిన నాథాను అనే యువకుడు అవునని ప్రవచించాడు. యెమెను నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా యూదులు ఊగిపోయారు. హామెల్న్‌కు చెందిన గ్లూకెల్ అనే వ్యాపారి ఇల్లాలు తన జ్ఞాపకాల్లో ఆ రోజుల సంగతి రాసింది. ఆమె మామగారు ఇల్లూ వాకిలీ వదిలి వేరే ఊరికి మారాడు. రెండు పెద్ద పీపాలు హాంబర్గుకు పంపాడు. వాటిలో బట్టలు, బఠానీలు, చిక్కుళ్లు, ఎండబెట్టిన మాంసం, ఎండు పళ్లు. పిలుపు రాగానే హాంబర్గు రేవులో ఓడెక్కి పవిత్ర భూమికి పోవాలని. 1666లో సబ్బతై జ్వీ సుల్తాను ముందు నిలబడి ప్రాణం దక్కించుకోవడానికి ఇస్లాం పుచ్చుకున్నాడు. పీపాలు మాత్రం కదల్లేదు. మాంసం కుళ్లి బట్టలు పాడవుతాయేమోనని, పీపాలు విప్పి తినే సరుకు తీసేయమని ముసలాయన కబురు పెట్టాల్సి వచ్చింది. బట్టలు మాత్రం అలాగే ఉంచారు. మూడేళ్ల పాటు ఎదురుచూశారు. ప్రవచనానికి తారీఖు వేసినవాడు ఏమయ్యాడో చరిత్ర చెబుతుంది, నమ్మి ఇల్లు వదిలినవాడి సంగతి ఇలాంటి పుస్తకాలే చెబుతాయి.

ప్రతి తరానికీ ఒక గోగు దొరికాడు. 1812లో నెపోలియన్ రష్యా మీదికి పోతుంటే, పోలండులో హసీదు అనే యూదు భక్తి ఉద్యమ గురువులు ఇతనే గోగా అని తమలో తాము తర్కించుకున్నారు. 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడినప్పుడు వాదం మరీ పదునెక్కింది. 1935లో చనిపోయిన రబ్బీ అబ్రహాం ఐజాక్ కూక్, దేవుణ్ణి నమ్మని రైతు యువకులు ఆ నేల దున్నడంలోనే విమోచన మొదలైందన్నాడు. ఆయన శిష్యులు కొత్త దేశాన్ని ఆ విమోచనకు తొలి మొలకగా చూశారు. సత్మార్ హసీదుల గురువు జోయెల్ టైటెల్‌బామ్ అందుకు పూర్తిగా ఎదురు తిరిగాడు. మెస్సీయ రాకముందే బలంతో దేశం కట్టడం దేవుడికి చేసిన ప్రమాణాలు మీరడమేనని 1961లో పెద్ద పుస్తకమే రాశాడు. ఇద్దరూ మహా పండితులు, ఇద్దరూ నల్లకోటు తొడిగిన రబ్బీలే. ఇశ్రాయేలు వార్త వినగానే యూదులందరూ ఒకే ప్రవచనం నెరవేరిందని పండగ చేసుకుంటున్నారని మన సభల్లో అనుకుంటే పొరపాటు.

చెదిరినవాళ్లు తిరిగి రావడమన్న ప్రవచనం మాత్రం గత యాభై ఏళ్లలో విమానాలెక్కింది. ఇథియోపియా కొండల్లో తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, పాటిస్తూ బతికిన నల్లజాతి యూదులు పోయిన గోత్రాల్లో ఒకటైన దాను సంతానమేనని 1973లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల్లో ఒకడైన ఓవాదియా యోసెఫ్ తీర్పిచ్చాడు. దానికి 16వ శతాబ్దపు ఈజిప్టు రబ్బీ దావీదు బెన్ జిమ్రా అభిప్రాయం ఆయనకు ఆధారం. 1991 మే నెలలో ముప్పై ఆరు గంటల్లో 14,000 మందికి పైగా ఇథియోపియా నుంచి ఇశ్రాయేలుకు చేరారు. ఒక్క విమానంలో సీట్లు పీకేసి వెయ్యిమందికి పైగా కూర్చున్నారు. మణిపూరు, మిజోరం కొండల్లోని బ్నె మెనషె వాళ్లను ఇంకో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ 2005లో మనష్షే గోత్రపు వారసులుగా గుర్తించాడు. వేలమంది వెళ్లారు. అయితే ఇంత గుర్తింపు దక్కినా, వచ్చినవాళ్లు మళ్లీ మతం పుచ్చుకోవాలని ప్రధాన రబ్బీల పీఠం పట్టుబట్టింది. దాన్ని అవమానంగా తీసుకున్న ఇథియోపియా యూదులు 1985లో యెరూషలేములో నిరసనకు దిగారు. ఇంటికి పిలిచినవాడే వాకిట్లో నిలబెట్టి ఆధారాలడిగితే బాధ కలగదా?

ఇప్పుడు కొత్తరెడ్డిపాలెం సంగతి. అక్కడి బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు మాదిగ వాడవాళ్లు, వ్యవసాయ కూలీలే ఎక్కువ. వాళ్ల తాతముత్తాతలు మిషనరీల కాలంలో క్రైస్తవులయ్యారు. మన సీమలో ధాత కరువు అని ఇప్పటికీ చెప్పుకునే 1876–78 కరువు కోస్తాను కూడా పిండేసింది. ఆ వెంటనే 1878 జూలై 3న ఒంగోలు మిషను జాన్ క్లౌ ఆధ్వర్యంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. అందులో మాదిగలే ఎక్కువ. ఊరి బయట నిలబెట్టిన మనిషికి బైబిలు మొదటిసారి చేతికొచ్చింది. ఐగుప్తులో బానిసలుగా ఇటుకలు చేసిన జనం కథ అందులో ఉంది. ఆ కథ వాళ్లకు పరాయిది అనిపించలేదంటే వింతేముంది?

1980ల చివర, 1990ల మొదట్లో షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ములు ఇంకొక అడుగు వేశారు. క్రైస్తవ బోధకుడి కొడుకులైన వీళ్లు, తమ వాళ్లు ఎఫ్రాయిము గోత్రమేనని చెప్పి సమాజమందిరం పెట్టారు. అష్షూరు చెర నుంచి పారసీకం మీదుగా ఉత్తర భారతానికి, అక్కడి నుంచి తెలుగు నేలకు తమ పెద్దలు వచ్చారన్నది వాళ్లు చెప్పే చరిత్ర. చచ్చినవాళ్లను పాతిపెట్టడం, గొడ్డు మాంసం తినడం లాంటి ఆచారాలు ఇశ్రాయేలు నాటివేనంటారు. 2002లో షమూయేలు యాకోబి ఈ వాదాన్ని ది కల్చరల్ హెర్మెన్యూటిక్స్ అనే పుస్తకంగా తెచ్చాడు. ఆ తర్వాత యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వేజ్ అనే పరిశోధకులు ఆ ఊళ్లో ఉండి పరిశీలించి, 2013లో ఆంధ్రప్రదేశ్ యూదుల మీద ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఒక పుస్తకం రాశారు.

ఈ వంశావళిని రుజువు చేసే పాత శాసనం గానీ తాళపత్రం గానీ చూపలేదు. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. కానీ ఇశ్రాయేలు వీసా కోసం వేసిన ఎత్తని తేలిగ్గా తీసిపారేసే మాట న్యాయమైనది కాదు. శనివారం పనికి పోకపోతే కూలీకి ఆ రోజు కూలి పోతుంది. అలా పోగొట్టుకుంటూ మూడు దశాబ్దాలకు పైగా విశ్రాంతి దినం పట్టుకుని ఉండటం ఎత్తు వేసేవాళ్లు చేసే పని కాదు. పైగా అంటరానివాడని ఊరంతా చెప్పిన మనిషి, తాను దేవుడు పోగొట్టుకుని వెతుకుతున్న కొడుకునని యిర్మీయాలో చదువుకుంటే, అతనికి అంత్యదినాల ప్రవచనం భయపెట్టే బూర శబ్దంలా ఎలా వినిపిస్తుంది? వాళ్లకది పిలుపు. మన సభల్లో అదే అధ్యాయాలు యుద్ధాల జాబితాగా మారిపోవడం చూస్తే, కొత్తరెడ్డిపాలెం కూలీలు వాటిని మరింత దగ్గరగా చదివారనిపిస్తుంది.

బ్నె మెనషె వాళ్లకు 2005లో దక్కిన గుర్తింపు లాంటిది బెనె ఎఫ్రాయిమ్‌కు ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల నుంచి ఇంకా రాలేదు. ఆ దేశపు 1950 నాటి తిరిగి రాక చట్టం కింద ఇలాంటివాళ్లకు హక్కు రావాలంటే యూదు వంశమైనా ఉండాలి, మతం పుచ్చుకున్నట్టు గుర్తింపు పొందిన రుజువైనా ఉండాలి. ఆ రెండో దారిలో ముగ్గురు న్యాయమూర్తుల పీఠం ముందు కూర్చోవాలి, తోరా ఆజ్ఞలు పాటిస్తానని ఒప్పుకోవాలి, నీటిలో మునగాలి. కొత్తరెడ్డిపాలెంలో ఇందుకు సిద్ధంగా ఉన్నామన్నవాళ్లున్నారు. మేమెటూ ఇశ్రాయేలీయులమే, మళ్లీ ఎందుకు చేరాలి అన్న ఇథియోపియా వాళ్ల ప్రశ్న అడిగే హక్కూ వాళ్లకుంది. విడిపోయిన యూదు సమూహాలతో పనిచేసే కులాను అనే అమెరికా సంస్థ వాళ్లు ఇక్కడికి వచ్చి చూసి, సాయం చేస్తూ వస్తున్నారు. అకీవా, ఎలియెజెరుల తగాదాలో తల్మూదు పండితుడు దయ వైపు మొగ్గు చూపాడు. చేబ్రోలు పక్కన అర్జీ పెట్టుకున్న ఈ తెలుగువాళ్ల విషయంలో రబ్బీల పీఠం ఎటు మొగ్గుతుందన్నది ఇంకా తేలాల్సి ఉంది.